పొందిక లేని పెద్దనోరు

"తెలుగు పండితుడికి మోటారు ఇంజనుతో పనేమిటండీ?" అని ఒక మిత్రుడు నవ్వుతూనే అడిగారు. ప్రశ్న సమంజసమైనదే. జీవితమంతా సంధులు, సమాసాలు, గణవిభజన చెప్పుకొని బ్రతికినవాడు మానిఫోల్డును గురించి వ్రాయబూనడం అనధికార ప్రసంగంగానే కనిపిస్తుంది. కాని మిత్రులారా, రెండు వస్తువులు కలిసేచోట ఏమి జరుగుతుందన్నదే కదా నేను తరగతిగదిలో చెప్పిన పాఠం! ఆ కలిసేచోటును కన్నెత్తి చూడకుండా, కలిసే వస్తువులను మాత్రం పెద్దవి చేసి, మెరుగుపెట్టి, డబ్బు గుంజుతున్న ఒక వ్యాపారాన్ని ఈమధ్య కళ్ళారా చూశాను. చూసి ఊరకుండలేక వ్రాస్తున్నాను.

ముందు జరిగినది చెబుతాను. నా పూర్వవిద్యార్థి ఒకడు తండ్రి వదిలివెళ్ళిన అంబాసిడరు కారును ప్రాణంగా చూసుకుంటున్నాడు. ఆ తండ్రి సింహాచలం కొండకు యాత్రికులను చేరవేసి ఆ కుటుంబాన్ని పోషించినవాడు. కనుక ఆ కారు కుర్రవానికి ఇనుము కాదు, పితృస్మృతి. పాతబడిన ఇంజను ఘాట్‌రోడ్డు మీద కాస్త నెమ్మదించేది. "పికప్పు పెంచుతాము" అని ఒక షెడ్డువారు ఆశపెట్టారు. లోపల కోసి నోరు పెద్దది చేసిన మానిఫోల్డు ఒకటి, దానిపై పెద్ద కార్బొరేటరు ఒకటి ఒక్క మధ్యాహ్నంలో బిగించి పంపారు. అతడు అందుకోసం మూడు నెలలు కూడబెట్టిన సొమ్ము చెల్లించాడు. మరునాడు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొని, నన్ను కూడా రమ్మని, కొండకు బయలుదేరాడు. రెండో మలుపు దాటేసరికి కారు ముక్కడం మొదలుపెట్టింది. యాక్సిలరేటరు నొక్కినకొద్దీ గొంతు పట్టినట్లు ఆగి, తర్వాత ఒక్క ఉదుటున కదిలేది. నిలిపితే మిస్సింగు. పెట్రోలు వాసన. కొండనాలుకకు మందువేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది. తండ్రి ఏనాడూ ఆపని కారును కొడుకు ఆ మలుపులో పక్కకు తీసి, బానెట్టు ఎత్తి, తలవంచుకొని నిలబడ్డాడు. ఆ మొగం నేను మరువలేదు.

తిరిగి షెడ్డుకు వెళితే వారన్నమాట: "ఇంజను పాతది మాస్టారూ, హెడ్డు కూడా మార్చాలి." అనగా మరికొంత సొమ్ము.

చివరకు గాజువాక వైపు ఒక పాత మేస్త్రీ దగ్గరకు తీసుకువెళ్ళాము. ఆయన ఇంజను శబ్దం విని, మానిఫోల్డు విప్పి, హెడ్డులో వేలుపెట్టి చూశాడు. "పంతులుగారూ, ఇలా వేలు పెట్టండి" అన్నాడు. పెట్టాను. హెడ్డు నోటిచుట్టూ అడుగు భాగాన ఒక గట్టు తగిలింది. మానిఫోల్డు నోరు పెద్దది, హెడ్డు నోరు చిన్నది. రెంటికీ నడుమ మూడు మిల్లీమీటర్ల మెట్టు. ఆ మెట్టుమీద పెట్రోలు తడి, నల్లని జిడ్డు. పైగా ప్యాకింగు అంచు ఒకచోట లోపలికి పొడుచుకువచ్చి ఉన్నది. "దీనికి జబ్బు లేదండీ. గుమ్మానికి అడ్డంగా బండ పెట్టి, లోపలికి రమ్మంటున్నారంతే" అన్నాడాయన.

ఇప్పుడు విషయానికి వస్తాను. ఇంజను ఊపిరి తీసుకొనే మార్గం ఇది: కార్బొరేటరు గాలిలో పెట్రోలును తుంపరగా కలుపుతుంది. మానిఫోల్డు అనే కొమ్మలుగల గొట్టం ఆ మిశ్రమాన్ని పంచి సిలిండరు హెడ్డు నోళ్ళకు అందిస్తుంది. హెడ్డులోని దారి వాల్వు దగ్గర ముగుస్తుంది. మానిఫోల్డుకూ హెడ్డుకూ మధ్య ప్యాకింగు. అనగా దారి ఒకటే, కాని అది రెండు లోహపు దిమ్మెలుగా, వేరువేరు అచ్చులలో పోతపోసినది. పోతలో కొంత తేడా సహజం. బిగించే స్టడ్డుకూ, మానిఫోల్డు చిల్లుకూ మధ్య ఉండే వదులువల్ల మరికొంత తేడా వస్తుంది. ఆ తేడాలను సరిచేసి, రెండు నోళ్ళను ఒకే నోరుగా చేయడమే ఈ పని. షెడ్లలో దీనిని మ్యాచింగు అంటారు. నేను పొందిక అంటాను.

ఈ పొందిక ఎంత సూక్ష్మమైనదో చిన్న లెక్కతో తెలుస్తుంది. అంబాసిడరులో చిరకాలం వాడిన పెట్రోలు ఇంజను 1489 సి.సి.ది, బ్రిటిష్ బి.ఎం.సి. బి-సిరీస్ వంశానికి చెందినది. నాలుగు సిలిండర్లకు పంచితే ఒక్కొక్కటి సుమారు 372 సి.సి. నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కొక్క సిలిండరు సెకనుకు 25 మార్లు ఊపిరి పీల్చాలి. పిస్టను దిగే ఒక్కొక్క పీల్పుకు దొరికే వ్యవధి సెకనులో నూరోవంతు మాత్రమే. ఆ నూరోవంతులో వచ్చే ప్రవాహానికి మూడు మిల్లీమీటర్ల గట్టు అడ్డుపడితే అది చిన్న తప్పు కాదు.

మరొక విశేషం. ఈ ఇంజను హెడ్డులో నాలుగు సిలిండర్లకు నాలుగు లోపలి నోళ్ళు లేవు. రెండే ఉన్నాయి. 1, 2 సిలిండర్లకు ఒక నోరు, 3, 4 సిలిండర్లకు ఒక నోరు. మండే వరుస 1-3-4-2. కనుక 2 పీల్చిన వెంటనే దాని జంట అయిన 1 పీలుస్తుంది. ఆ తర్వాత మళ్ళీ 2 వంతు వచ్చేవరకు మూడు స్ట్రోకుల ఎడం. రెండో నోటి దగ్గరా ఇదే కథ. ఒకే నోటినుండి తొందర తొందరగా రెండు గుక్కలు, ఆపై విరామం. ఇటువంటి అసమానమైన ఊపిరిగల ఇంజనులో రెండు నోళ్ళ దగ్గరా పొందిక సమానంగా లేకపోతే, ఒక జంటకు కడుపునిండా తిండి, మరొక జంటకు అర్ధాకలి. మిస్సింగు కొట్టక ఏమి చేస్తుంది?

ఇక షెడ్డువారి వాదాలను మన సంప్రదాయం ప్రకారం పూర్వపక్షంగా ఉంచి, ఒక్కొక్కటిగా సమాధానం చెబుతాను.

మొదటి వాదం: "నోరు పెద్దదైతే గాలి ఎక్కువ వస్తుంది." వినడానికి కాదనలేనిదిగా ఉన్నది. కాని గొట్టం వెడల్పు పెరిగితే అదే గాలి నెమ్మదిగా నడుస్తుంది. ఉదాహరణకు 32 మిల్లీమీటర్ల నోటిని 36 చేస్తే వైశాల్యం దాదాపు 27 శాతం పెరుగుతుంది. అదే గాలి వేగం సుమారు 21 శాతం తగ్గుతుంది. వేగం తగ్గితే పెట్రోలు తుంపర గాలిలో తేలక గోడలకు అంటుకుంటుంది. కొండ ఎక్కేటప్పుడు ఇంజను తిరిగేది రెండు, మూడు వేల చుట్ల మధ్యనే. అక్కడ కావలసినది వేగంగల ప్రవాహం, వెడల్పయిన గుహ కాదు. "పందెం కార్లకు పెద్దనోళ్ళే కదా" అంటారు. నిజమే. మద్రాసు దగ్గర షోలవరంలో వెనుకటి రోజులలో అంబాసిడర్లు, ఫియట్లు మార్పులు చేసుకొని పందేలలో పరుగెత్తాయి. కాని వాటిలో వాల్వులు, క్యాంషాఫ్టు, ఎగ్జాస్టు అన్నీ ఎక్కువ చుట్లకు తగినట్లు మార్చుకొని, ఆ మీదట నోరు పెంచారు. అన్ని అవయవాలూ పెరిగినవానికి నోరు పెరిగితే అందం. ఒక్క నోరే పెరిగితే వికారం.

ఇక్కడ అసలు రహస్యం ఒకటి ఉన్నది. తేడా ఎటువైపు ఉన్నదన్నది ముఖ్యం. మానిఫోల్డు నోరు హెడ్డు నోటికంటె రవంత చిన్నదైతే ప్రవాహం చిన్నదానినుండి పెద్దదానిలోకి జారుతుంది. కొంత నష్టమేగాని ఎదురుదెబ్బ లేదు. పైగా లోపలినుండి వెనక్కు తన్నే గాలికి ఆ అంచు కాస్త అడ్డు కూడా అవుతుంది. మానిఫోల్డు నోరు పెద్దదైతే వచ్చే మిశ్రమం నేరుగా హెడ్డు గోడకు కొట్టుకుంటుంది. గాలి పక్కకు తప్పుకుంటుంది, బరువైన పెట్రోలు అక్కడే కూలబడుతుంది. మా కుర్రవానికి అమ్మినది ఈ రెండో రకం. రెండు తప్పులలో పెద్దతప్పును ఎన్నుకొని, దానికి ధర కట్టి అమ్మారన్నమాట.

రెండవ వాదం: "ప్యాకింగును అచ్చుగా పెట్టి రెండువైపులా కోస్తే చాలు." ఇది సగం నిజం కనుకనే ఎక్కువ ప్రమాదం. బజారులో దొరికే ప్యాకింగు చిల్లు సాధారణంగా రెండు నోళ్ళకంటె పెద్దదిగానే ఉంటుంది. దానివరకు రెంటినీ కోస్తే, సన్నగా వచ్చిన దారి అతుకు దగ్గర ఉబ్బి, మళ్ళీ సన్నబడుతుంది. పాము కప్పను మింగినట్లు! ఆ ఉబ్బులో గాలి సుడులు తిరుగుతుంది, వేగం పోతుంది. ప్యాకింగు చోటు చూపేది మాత్రమే. కొలత చెప్పేది హెడ్డు నోరు.

మూడవ వాదం: "లోపల అద్దంలా మెరిసేట్టు పాలిష్ చేశాము, చూడండి." చూశాను. పైన పటారం, లోన లొటారం అన్న సామెత తిరగబడి, లోననే పటారం కనిపించింది. కార్బొరేటరు ఇంజనులో లోపలివైపు అద్దపు నునుపు అక్కరలేదు. సన్నని గరుకు ఉంటేనే గోడకంటిన పెట్రోలు పొరగా జారిపోక మళ్ళీ గాలిలో కలుస్తుంది. ఎక్కువతక్కువలు తీసి ఉప్పుకాగితంతో సమంగా రుద్దితే చాలు. మెరుపు కొనుగోలుదారుని కంటికి, ఇంజనుకు కాదు. బ్రిటన్‌లో హ్యారీ వెస్లేక్ వంటివారు హెడ్డులోని దారులలో గాలి ఎంత పోతున్నదో పరికరాలతో కొలిచి ఆకృతులు నిర్ణయించి పేరు తెచ్చుకున్నారు. కొలిచి కోసినవారు వారు. కొలవక కోసేవారు వీరు.

నాలుగవ వాదం: "కొంచెం తేడా ఉంటే ప్యాకింగు చూసుకుంటుంది." ఇక్కడ నా వ్యాకరణాన్ని పిలవక తప్పదు. సంధి లేనిచోట రెండచ్చుల నడుమ యడాగమం వస్తుందని బాలవ్యాకరణం చదివినవారందరికీ తెలుసు. మా, అమ్మ కలిస్తే మాయమ్మ. ఆ యకారం నడుమ నిలిచి పలుకుబడిని సుకరం చేస్తుంది. అంతేగాని తప్పుగా వ్రాసిన పదాన్ని దిద్దదు. ప్యాకింగు ధర్మమూ అంతే. రెండు చదునైన ముఖాల నడుమ సందు మూసి, గాలి పోకుండా కాపలా కాస్తుంది. నోళ్ళు కలవకపోతే కలపలేదు. ముఖాలు వంకరగా ఉంటే కాపలా కూడా కాయలేదు. పైగా ఈ ఇంజనులో లోపలి మానిఫోల్డు, ఎగ్జాస్టు మానిఫోల్డు రెండూ హెడ్డుకు ఒకేవైపున ఉంటాయి. రెంటి అంచులనూ ఒకే వాషరు కింద తొక్కిపట్టి బిగిస్తారు. కొత్త మానిఫోల్డు అంచు మందం పక్కదానితో సమానం కాకపోతే ఒకటి బిగుస్తుంది, మరొకటి వదులుగా మిగులుతుంది. ఆ వదులులోనుంచి దొంగగాలి దూరి మిశ్రమాన్ని పలుచన చేస్తుంది. అంచుల మందం కొలవడానికి ఒక్క నిమిషం పడుతుంది. ఆ నిమిషం కూడా వెచ్చించలేదు మన షెడ్డువారు.

మరి సరిగా చేయడమెలాగ? మేస్త్రీ చేసినది చెబుతాను. ముందుగా ముఖాలు రెండూ శుభ్రంచేసి, ఉక్కు బద్ద ఆనించి వంకర ఉన్నదేమో చూశాడు. ప్యాకింగు ఆకారంలో ఒక అట్టముక్క కోసి, స్టడ్డులకు చిల్లులు పెట్టాడు. హెడ్డు ముఖానికీ మానిఫోల్డు ముఖానికీ పల్చగా నీలిరంగు పూసి, అట్టను నడుమపెట్టి మెల్లగా బిగించి విప్పాడు. అట్టకు ఒకవైపు హెడ్డు నోరు, రెండోవైపు మానిఫోల్డు నోరు అచ్చుపడ్డాయి. గుండుసూదితో ఒకవైపు అంచుమీద చిల్లులు పొడిస్తే, రెండోవైపున ఎక్కడ ఎంత తేడా ఉన్నదో బొమ్మకట్టినట్లు కనబడింది. ఇంతకంటె సులువైన, నిజాయితీగల సాక్ష్యం ఏ న్యాయస్థానంలోనూ ఉండదు.

పెద్దనోటి మానిఫోల్డును ఆయన పక్కన పెట్టేశాడు. తీసిన లోహాన్ని తిరిగి పెట్టలేము కదా. కారుతో పుట్టిన పాత మానిఫోల్డును కుర్రవాడు పారేయకుండా డిక్కీలో ఉంచడం అదృష్టం. దాని నోరు ఒకవైపు హెడ్డు నోటికంటె లోపలికి వచ్చి ఉన్నది. అక్కడ మాత్రం గుండ్రటి ఆకురాయితో కొద్దికొద్దిగా తీశాడు. అంచు దగ్గర ఆపక, లోపలికి ఒక అంగుళం దాకా వాలుగా కలిపాడు. నోరు హెడ్డుకంటె వెంట్రుకవాసి చిన్నదిగానే ఉంచాడు. హెడ్డు బిగించి ఉండగా దాని నోటిలో ఆకురాయి పెట్టలేదు. "రజను వాల్వు మీద పడితే, అక్కడినుంచి సిలిండరులోకి పోతే, మనం తీసేది మిల్లీమీటరు, పోయేది ఇంజనండీ" అన్నాడు. అంచుల మందం సరిచూసి, కొత్త ప్యాకింగు వేసి, నడుమనుండి చివరలకు వరుసగా, ఒక్కసారిగా కాక రెండుమూడు విడతలుగా బిగించాడు. ఇంజను నడుస్తుండగా అతుకుచుట్టూ నీళ్ళు చిలకరించి, శబ్దం మారలేదని తృప్తిపడ్డాడు. ఒకటిన్నర రోజు పని. కూలి, షెడ్డువారు తీసుకున్నదానిలో పదోవంతు లేదు.

"దీనితో ఎంత శక్తి పెరిగింది?" అని అడిగాను. ఆయన చెప్పిన సమాధానమే ఈ వ్యాసానికి మూలం. "పెరిగేది పెద్దగా ఏమీ ఉండదండీ. పొందిక కుదిరితే వచ్చేది తక్కువ, కుదరకపోతే పోయేది ఎక్కువ."

మిత్రులారా, ఈ వ్యాపారం గుట్టంతా ఈ మాటలోనే ఉన్నది. పోకుండా కాపాడే పనికి ఎవరూ ధర కట్టరు. రాబోయేదానికి ఎంతైనా ఇస్తారు. అందుకే పొందిక చేసే మేస్త్రీ రేకుల షెడ్డులో మిగిలిపోయాడు, పెద్దనోరు అమ్మేవాడు అద్దాల గది కట్టాడు. కొత్తబండి కొనగానే సంపత్ వినాయకుని గుడిముందు చక్రాలకింద నిమ్మకాయలు పెట్టించే ఊరు మనది. ఆ శ్రద్ధను నేను తప్పుపట్టను. ఆ శ్రద్ధలో పదోవంతు, "ఈ రెండు నోళ్ళూ కలిశాయా?" అని అడగడానికి చూపమంటున్నాను. ఓడలు కట్టే ఊరు, ఉక్కు పోతపోసే ఊరు. అతుకు విలువ తెలిసిన చేతులు ఇక్కడ వేలకొద్దీ ఉన్నాయి. ఇటువంటిచోట ఈ మోసం చెల్లడం మనందరికీ తలవంపు.

"అసలు మార్పులే చట్టవిరుద్ధం కదా" అనే వారికొక మాట. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులను నిషేధించింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. కనుక రోడ్డుమీద తిరిగే కారుకు పెద్దనోళ్ళు, పెద్ద కార్బొరేటర్లు అమ్మేవారు ఈ సంగతి కొనేవానికి ముందే చెప్పవలసినది. చెప్పరు. కారుతో వచ్చిన మానిఫోల్డునే, కారుతో వచ్చిన హెడ్డుకు సరిగా కలపడం మాత్రం నా బుద్ధికి మార్పు కాదు, మరమ్మతు. "ఇప్పటి కార్లకు ఇది అక్కరలేదు" అనేవారూ ఉన్నారు. పెట్రోలును వాల్వు దగ్గరనే చిమ్మే ఏర్పాటు వచ్చాక తుంపర కూలబడే బాధ చాలావరకు తగ్గిన మాట వాస్తవం. గాలికి మెట్టు మాత్రం మెట్టే. బయటి మానిఫోల్డు తెచ్చి బిగించినప్పుడల్లా ఈ ప్రశ్న మళ్ళీ పుడుతుంది.

చివరగా మా పండితవర్గానికి కూడా ఒక వాత పెట్టక తప్పదు. ఈ సంగతులు తెలుగులో చెప్పడానికి మాటలు లేవని కొందరి విలాపం. మాటలు చేయమంటే మేము "అంతర్గ్రహణ బహునాళిక" వంటిది ఒకటి అల్లి, మీసం దువ్వుకుంటాము. ఆ మాట ఏ మేస్త్రీ నోటికీ పొందదు. అదీ పెద్దనోటి మానిఫోల్డే! మేస్త్రీ ఆ పూటంతా నాతో మాట్లాడినవి నోరు, మెట్టు, పొందిక, దొంగగాలి, ఆకురాయి, రజను. హెడ్డు, మానిఫోల్డు, ప్యాకింగు కూడా ఈనాటికి తెలుగు మాటలే. 1962లోనే భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన వ్యవసాయ వృత్తిపదకోశం వెలువడింది. రైతునడిగి మాటలు కూర్చిన మార్గమది. అదే మార్గాన మనలో ఎవరైనా ఒక్క వారం మోటారు షెడ్డు ముందు కూర్చుంటే ఎన్ని మాటలు దొరుకుతాయో! మనం పుస్తకాలలో సంధి చెప్పాము. వారు చేతులతో చేస్తున్నారు. ఆ రెంటి నడుమ ఉన్న మెట్టు మనం పెట్టినదే, మనమే తీయాలి.

పాత కార్లు ఉన్నవారికి నా మనవి ఇంతే. మానిఫోల్డు మార్చేవానిని మూడు ప్రశ్నలు అడగండి. హెడ్డు నోటి కొలత ఎంత? మానిఫోల్డు నోరు దానికంటె పెద్దదా, చిన్నదా? అంచుల మందం చూశారా? వీటికి సమాధానం చెప్పలేనివాడు ఎంత మెరిసే గొట్టం చూపినా డబ్బు ఇవ్వకండి. పాత మానిఫోల్డును మాత్రం పారేయకండి.

మా కుర్రవాడు మరుసటి ఆదివారం మళ్ళీ కొండకు తీసుకువెళ్ళాడు. కారు పరుగెత్తలేదు. వాళ్ళ నాన్న నడిపిన రోజులలోలాగే నిదానంగా, ఎక్కడా ముక్కకుండా ఎక్కింది. వెనుకటి ఆదివారం ఆగిపోయిన మలుపు వచ్చినప్పుడు మా ఇద్దరిలో ఎవరమూ మాట్లాడలేదు. మలుపు దాటాక అతడు స్టీరింగుమీద ఒక చెయ్యి తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

స్వస్తి.